ఓపల్ పిన్ని పిస్తోలుకు పదకొండు మరమ్మతులు

ఇనుము అరగదీయడం నా వృత్తి, తిన్నది అరగకపోవడం నా జబ్బు. రెండింటికీ మూలం ఒకటే, ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. కంపెనీ నుంచి వచ్చిన పిస్తోలును పోటీలకు పనికొచ్చేలా తీర్చిదిద్దేవాణ్ణి ఈ మిజోరీ కొండల్లో, మా క్లియర్ ఫోర్క్ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఆకురాయి పట్టానంటే ఆకలి కూడా రాదు. మా ఆవిడ నోరీన్ భోజనానికి మూడుసార్లు పిలిచి, నాలుగోసారి నా వంతు కుక్కకు పెట్టేస్తుంది. కుక్క బాగా బలిసింది.

మార్చిలో ఓపల్ పిన్ని కొట్టుకు వచ్చింది. మా అమ్మ ఆఖరి చెల్లెలు, డెబ్బై ఒక్క ఏళ్లు. నాకు తుపాకి పట్టడం నేర్పింది ఆవిడే. గురి నేర్పింది కాబట్టి గురువు. ముప్పై ఒక్క ఏళ్లుగా మా క్లబ్బు జట్టులో ఉంది. ఏటా ఏప్రిల్లో ఎంపిక పోటీ పెడతారు. ఒంటిచేత్తో ముప్పై తూటాలు కాల్చాలి. మూడు వందలకు రెండు వందల యాభై తెచ్చుకున్నవాళ్లే రాష్ట్ర పోటీకి వెళ్తారు. పిన్ని ఒక్క ఏడూ తప్పలేదు.

పిస్తోలు ఖాళీ చేసి బల్లమీద పెట్టింది.

"లైలూ, బొటనవేలు కీలు అరిగిపోయిందిరా. ఈ స్లైడు వెనక్కి రావట్లేదు. నిన్న రెండుసార్లు ఎలాగో లాగాను. మూడోసారి మన క్లబ్బు గ్లెన్ ట్రాస్క్ వచ్చి లాగిపెట్టాడు."

"మంచివాడే."

"మంచివాడే. లాగిపెట్టి, ఇంక ఇంట్లో కూర్చుని బొంత కుట్టుకోవమ్మా అన్నాడు. వాడు నాకంటే రెండేళ్లే చిన్న."

స్లైడు అంటే పిస్తోలు పైనుండే ఇనుప తొడుగు. దాన్ని వెనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా లోపలికి ఎక్కుతుంది. పోటీలో అయిదు తూటాలకోసారి లాగాలి. అది లాగలేని మనిషికి గురి ఎంత ఉన్నా ఒకటే.

"స్లైడు తేలిగ్గా లాగేలా చెయ్యి. అంతే. ఇంకేమీ ముట్టుకోకు," అంది పిన్ని.

"అలాగే పిన్నీ."

"నీ 'అలాగే' నాకు తెలుసు. కాఫీ మిషను బాగుచేస్తానని పట్టుకెళ్లావు. ఇప్పుడది ఈల వేస్తోంది."

"కాఫీ అయిందని తెలియడానికి పెట్టాను."

"నాకు కళ్లున్నాయి లైల్."

ఆవిడ వెళ్లాక పిస్తోలు విప్పాను. ముప్పై ఏళ్ల కిందటి కంపెనీ సరుకు, ఎవరూ చెయ్యి పెట్టనిది. లోపల ప్రతి భాగమూ నన్ను చూసి చేతులు చాచినట్టనిపించింది. పిస్తోలు ముందు కొసన గురి చూసే సైటు మరీ సన్నగా ఉంది, వయసు కళ్లకు ఆనదు. వెడల్పుది పెట్టాను. డెబ్బై ఒకటో ఏట సైటు కొట్టే అవకాశం అందరికీ రాదు గదా. పిడి ముందువైపు చెయ్యి జారకుండా సన్నని గళ్లు చెక్కాను. సేఫ్టీ మీట పెద్దది చేశాను. గొట్టం మూతి దగ్గర ఒక ఉంగరం ఉంటుంది. అది వదులుగా ఉంటే గొట్టం కదిలి గురి చెదురుతుంది. కొత్తది చేసి వెంట్రుక కూడా దూరనంత బిగువుగా కూర్చోబెట్టాను. నా పెళ్లిలో కూడా ఉంగరం అంత బాగా కుదరలేదు. ఇక ట్రిగ్గర్. దాన్ని మీట అనడం ఊరికే కాదు, మీటితే పలకాలి. పిన్ని వేలికి బరువనిపించకూడదని పాత స్ప్రింగు తీసి మెత్తనిది వేసి, లోపలి అంచులు అద్దంలా మెరుగుపెట్టి, నియమం ఒప్పుకునే అతి తక్కువ బరువు, మూడున్నర పౌండ్లకు తెచ్చి ఆపాను. సరిగ్గా మూడున్నర. దానికి ఇవతల ఆగడానికి మనసొప్పలేదు.

మొత్తం పదకొండు పనులు. చివర్లో స్లైడు లాగి చూశాను. నా చేతికి వెన్నలా జారింది. నా చెయ్యి పాతికేళ్లుగా ఇనుము పిండుతున్న చెయ్యి అన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

మా వృత్తిలో ఒక మర్యాద ఉంది. తీసేసిన పాత భాగాలన్నీ సంచిలో వేసి, పేరు రాసి, పిస్తోలుతోపాటు సొంతదారుకు ఇచ్చేయాలి. పోటీకి వారం ముందు పిన్ని వచ్చి సంచి ఎత్తి చూసింది.

"ఇంత బరువుందేంట్రా?"

"చిన్న చిన్న సర్దుబాట్లు పిన్నీ."

ఆవిడ సంచి చేతిసంచీలో వేసుకుంది.

పోటీ శనివారం పొద్దున. కాల్పుల గీత వెనకున్న రేకుల షెడ్డులో నోరీన్ మెత్తని బిస్కెట్టు రొట్టెలూ వాటిమీద పోసే గ్రేవీ వడ్డిస్తోంది. ఒక పక్కన బల్ల, బల్లమీద కొక్కెం ఉన్న మూడున్నర పౌండ్ల ఇనుప గుండు. ప్రతి పిస్తోలునూ గొట్టం పైకి పెట్టి, ఆ కొక్కేన్ని ట్రిగ్గర్‌కు తగిలించి గుండు ఎత్తాలి. గుండు గాల్లోకి లేచేదాకా ట్రిగ్గర్ ఆగితే సరే. ముందే టక్కుమంటే పోటీకి పనికిరాదు. ఆ గుండు ఎత్తే పని ఇరవై ఏళ్లుగా ఓపల్ పిన్నిదే. ఆవిడ ముందు తన పిస్తోలు తూస్తుంది, తర్వాతే ఊళ్లోవాళ్లవి. అది ఆవిడ పెట్టుకున్న పద్ధతి.

అందరూ చూస్తుండగా కొక్కెం తగిలించి ఎత్తింది. గుండు బల్లను వదలలేదు. టక్.

షెడ్డులో ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది.

పిన్ని మళ్లీ ఎత్తింది. మళ్లీ టక్.

కొత్తగా మెరుగుపెట్టిన అంచులు కాల్చేకొద్దీ ఇంకా అరుగుతాయి. అందుకే ఏ తుపాకి పనివాడైనా నియమానికి పైన కాస్త ఎక్కువ ఉంచుతాడు. నేను ఉంచలేదు. పిన్ని ఆ వారమంతా దానితో సాధన చేసింది, మూడున్నర కాస్తా కిందికి జారింది. బరువు తగ్గించి పరువు తీశాను.

గ్లెన్ ట్రాస్క్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "పోనీలే ఓపల్. వెంట్రుకవాసి తేడా. ఎవరు చూశారు?"

"నేను చూశాను," అంది పిన్ని. చీటీమీద తన పేరు పక్కన అడ్డగీత గీసింది. నియమం ప్రకారం ఒక్కసారి సరిచేసుకుని మళ్లీ తూయించుకోవచ్చు. రెండోసారీ తప్పితే ఆ రోజుకు ఇంటికే. ఆవిడ కాల్చే వంతుకు ముప్పై అయిదు నిమిషాలుంది. ఇంకో ఎంపిక రోజు లేదు.

నా పికప్ ట్రక్కు వెనక తలుపు దించి, దానిమీద తువ్వాలు పరిచాను. పిన్ని వచ్చి పక్కన నిలబడింది.

"ట్రిగ్గర్ సరిచేస్తాను. పది నిమిషాలు," అన్నాను.

"స్లైడు కూడా."

"స్లైడుకేమైంది?"

"లాగలేకపోతున్నాను రా. ముందుకంటే గట్టిగా ఉంది. వారమంతా నోరీన్ వచ్చి లాగిపెట్టింది."

ఉంగరం బిగిస్తే స్లైడు బిగుస్తుంది. ఆ సంగతి నేనే జనానికి చెబుతుంటాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎంత మురిసిపోతూ ఇచ్చావో నీకు కనపడలేదు. చెబుదామని రెండుసార్లు ఫోను తీశాను." ఆవిడ తువ్వాలు అంచు సర్దింది. "దీంతో బాగా కాల్చాను కూడా. నలభై ఏళ్లలో అంత బాగా ఎప్పుడూ కాల్చలేదు. అందుకే పొద్దున రెండోసారి ఎత్తి చూశాను. మొదటిది అబద్ధం కావాలనిపించింది."

"తప్పు నాదే పిన్నీ."

"నీదేలే. చేతులు కదుపు."

"పాత సంచి ఇంట్లో ఉందా?"

ఆవిడ చేతిసంచీ తెరిచింది. నా చేతిరాతతో ఓపల్ అని రాసిన సంచి. "నిన్ను పుట్టినప్పటినుంచీ ఎరుగుదును," అంది.

పాత ట్రిగ్గర్ స్ప్రింగు వెనక్కి వేశాను. నా అందమైన ఉంగరం ఊడదీసి, కంపెనీవాళ్ల వదులు ఉంగరం పెట్టాను. విడాకులకు అయిదు నిమిషాలు పట్టింది. అప్పుడు, మార్చిలోనే చేయాల్సిన పని చేశాను. గొట్టం కింద స్లైడును ముందుకు నెట్టే పెద్ద స్ప్రింగు ఒకటుంటుంది. పిన్ని ఇంట్లో తనే తక్కువ మందు పోసి నింపుకునే మెత్తని తూటాలకు అంత గట్టి స్ప్రింగు అక్కర్లేదు. నా డబ్బాలోంచి తేలికది తీసి వేశాను. ఆవిడ అడిగింది ఆ ఒక్కటే.

పిన్ని స్లైడు పట్టుకుంది. బొటనవేలు వాడకుండా, నాలుగు వేళ్లతో దాన్ని అరచేతికి నొక్కి లాగింది. వచ్చింది. మళ్లీ లాగింది. మూడోసారి నా మొహంలోకి చూస్తూ లాగింది.

షెడ్డులో గుండు నెమ్మదిగా గాల్లోకి లేచి అక్కడే ఊగింది. పిన్ని ఆ అడ్డగీత పక్కనే 'సరే' అని రాసి, "తర్వాత ఎవరు? గ్లెన్, నీదివ్వు. వెంట్రుకవాసి కూడా చూస్తాను," అంది.

ఆవిడ కాలుస్తున్నంతసేపూ నేను లక్ష్యం వైపు చూడలేదు. పికప్‌కు ఆనుకుని కళ్లు మూసుకుని స్లైడు చప్పుడే లెక్కపెట్టాను. అయిదు తూటాలు, ఒక లాగుడు. ఆరుసార్లు. ఒక్కసారి కూడా గ్లెన్ బూట్ల చప్పుడు ఆవిడ వైపు పోలేదు.

రెండు వందల యాభై నాలుగు. సాధనలో నా పదకొండు పనులతో రెండు వందల డెబ్బై తెచ్చిందట. ఆ మాట నోరీన్ తర్వాత చెప్పింది.

కాగితం లక్ష్యం మడిచి చంకలో పెట్టుకుని పిన్ని వచ్చింది. సంచి నా చేతిలో పెట్టింది. అందులో నా ఉంగరం, నా స్ప్రింగు ఉన్నాయి. పైన ఓపల్ అన్న పేరు కొట్టేసి లైల్ అని రాసింది.

"నీ పాత సామాను. మిగతావి సోమవారం వచ్చి విప్పుకో. నీ మర్యాద ప్రకారం తిరిగిచ్చేస్తాను."

"అన్నీనా?"

పిస్తోలు ఎత్తి, లక్ష్యాల వెనకున్న ఖాళీ మట్టిగుట్టవైపు ఒక కన్ను మూసి చూసింది. "ఆ సైటు ఉంచుతాను. బాగుంది."

"మరి కాఫీ మిషను ఈల?"

"ఈల కూడా ఉండనీ," అంది. "నువ్వు వచ్చినట్టుంటుంది."