పదకొండు పేర్లు

శారోన్ ఆటో దిగేసరికి రొయ్యల షెడ్డు గేటు బయట పదకొండు మంది ఆడవాళ్లు ఎండలో నిలబడి ఉన్నారు. తెల్లారి ఆరింటికి పనిలోకి దిగవలసినవాళ్లు. పది దాటుతున్నా కాపలావాడు గేటు తియ్యలేదు. అందరికంటే ముందున్న సుందరమ్మ శారోన్‌కి స్వయానా మేనత్త. మేనకోడల్ని చూసి కూడా ఆమె నవ్వలేదు.

"నీ కాయితం సూసి మమ్మల్ని ఆపేసేరంటమ్మా," అంది దగ్గు ఆపుకుంటూ. "జబ్బు మడుసులకి పని లేదంట."

శారోన్ కాపలావాణ్ని మేనేజరుని పిలవమంది.

రాజోలు మిషను స్కూల్లో మొదలై, అమలాపురం కాలేజీ మీదుగా హైదరాబాదు ప్రయోగశాలకి చేరిన చదువు ఆమెది. తొమ్మిదేళ్లుగా మాస్ స్పెక్ట్రోమీటరు ముందు కూర్చుంటోంది. ప్రోటీన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్కా తూచి, అది ఏ ప్రోటీనో చెప్పే యంత్రం అది. ఊళ్లో ఎవరైనా అడిగితే "తూకం పని" అని చెప్పేది. ఇంత చదువూ చదివి కాటా దగ్గర కూర్చుందా అని వాళ్లు నవ్వేవారు.

రెండు వేల రెండులో అత్త దగ్గు విన్నాక ఆ తూకాన్ని ఇక్కడికి తెచ్చింది. రొయ్యలు వలిచేటప్పుడు లేచే తుంపరని పట్టి పరీక్షించింది. రొయ్య కండలోని ప్రోటీను ఒకటి అందులో దొరికింది. మహా మొండిది. మరిగించినా, చల్లారగానే దాని అల్లిక మళ్లీ కూడుకుంటుంది. అదే ఊపిరితిత్తుల్లో చేరి ఉబ్బసం తెస్తోందని ఈ పదకొండు మంది దగ్గర తీసిన రక్తం చెప్పింది.

నమూనా సీసాల మీద నంబర్లే వెయ్యాలని ప్రయోగశాల నియమం. షెడ్డులోనూ ఆడవాళ్లకి నంబర్లే. "నలభయ్యారూ, బుట్ట తే!" అని అత్తని కేకేస్తుంటే శారోన్ వినలేకపోయింది. అందుకని ప్రతి సీసా మీదా పేరు రాసింది, నివేదికలోనూ పేర్లే రాసింది. తుంపరని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టిస్తారన్న ఆశతో ఒక ప్రతి తన చేత్తోనే కంపెనీకి పంపింది. ఎంత తెలివితక్కువ పని! ప్రోటీను మడతలన్నీ విప్పగలిగిన మనిషికి యజమాని బుద్ధి అంతుపట్టలేదు.

మేనేజరు సత్యనారాయణమూర్తి నవ్వుతూ బయటికొచ్చాడు.

"ఎండలో నిలబడ్డారేంటండీ మేడమ్ గారూ? లోపలికి రండి, కొబ్బరినీళ్లు తాగుదురు గాని."

"వీళ్లనెందుకు ఆపేరండీ?"

ఆయన టైపు చేసిన కాగితం ఒకటి చేతికిచ్చాడు. రక్తపరీక్షల్లో పొరపాటు జరిగిందనీ, ఈ దగ్గుకీ రొయ్యలకీ సంబంధం లేదనీ ఉంది అందులో. కింద శారోన్ పేరు, సంతకానికి జాగా.

"సరుకు కొనే దేశాలవాళ్లు అడుగుతారండి. మీరో సంతకం పెట్టేరంటే వీళ్లని ఇప్పుడే లోపలికి పంపేస్తానండి."

"మరి ఫ్యానులు?"

"ఆయ్, చూద్దామండి. ముందిది కానివ్వండి."

సుందరమ్మ దగ్గరికొచ్చింది. "సంతకం ఎట్టేయమ్మా. కిలో వలిత్తే నాలుగు రూపాయలు. అదీ లేకపోతే ఏం తింటాం?"

శారోన్ కలం తీసింది. సంతకం పెడితే ఇవాళ పదకొండు పొయ్యిలు వెలుగుతాయి. తరవాత వీళ్లు ఊపిరాడక పడిపోయినా, శాస్త్రమే కాదందని ఇదే కాగితం చూపిస్తారు. తన జీతం మాత్రం ఒకటో తారీకున ఎలాగూ వస్తుంది. అది తలుచుకుంటే ఆమెకి సిగ్గేసింది.

"అత్తా, ఇది అబద్ధం. నేను పెట్టను. అమలాపురం వెళ్లి లేబరాఫీసరుకి చెబుదాం, రండి."

సత్యనారాయణమూర్తి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ ఇష్టమండి," అని మర్యాదగానే లోపలికి వెళ్లిపోయాడు.

సుందరమ్మ మేనకోడలి చెయ్యి పట్టుకుంది.

"అయితే నా రగతం నాకిచ్చెయ్యి," అంది.

"అత్తా..."

"మా శారోను పెద్దదవుద్దని సెయ్యి సాపేను. కూడు పోద్దని తెలిత్తే ఇద్దునా? ఇచ్చెయ్యమ్మా."

"నాదీ ఇచ్చెయ్యండి," అంది వెనక గుంపులోంచి ఆదిలక్ష్మి.

మిగతా వాళ్లూ ఒక్కొక్కరే వచ్చి సుందరమ్మ పక్కన నిలబడ్డారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. శారోన్ కోసం ఆగి ఉన్న ఆటో వెళ్లకుండా దారికి అడ్డంగా నిలబడ్డారు, అంతే.