అన్నయ్య నత్తి

అతనికి తూటా అనే పేరు స్నేహితులు పెట్టింది. మాటల్ని అంత వేగంగా వదిలేవాడు. ర్యాపర్‌గా పేరొచ్చాక, ఇంట్లో పెట్టిన పేరుతో పిలిచేవాళ్లు ఇద్దరే మిగిలారు, అన్నా వదినా. వాళ్లలో అన్న పిలవడం తక్కువ. ఆయనకు నత్తి.

అన్నది తాళాల షాపు. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఆగాల్సినంత గది. తండ్రి పోయాక ఆ గదిలోంచే తమ్ముణ్ణి చదివించాడు. మామూలుగా మాట గొంతులో ఇరుక్కునేది గానీ, తాళంచెవి బిగించి ఆకురాయితో రాస్తూ మాట్లాడితే మాత్రం ఒక్కో రాపిడికీ ఒక్కో మాట జారి వచ్చేసేది. చిన్నప్పుడు తమ్ముడు బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకుంటూ అది వినేవాడు. లయ మీద మాటనెక్కించడం అతనికి అక్కడే పట్టుబడింది. ఇంటర్వ్యూల్లో ఎవరడిగినా, "నాకు గురువెవరూ లేరు, నాకు నేనే" అనేవాడు.

పేరు తెచ్చిన పాట సంగతి అంతకంటే అన్యాయం. అయిదేళ్ల కిందట రికార్డింగు గదిలో ఊసుపోక, పక్కవాళ్లను నవ్వించడానికి అన్నను అనుకరించాడు. గుమ్మం బయట నిలబడి అన్న పిలిచే తీరు. "త త త తలుపు తియ్!" అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. సంగీతం కట్టే అతను ఒక్కడే నవ్వలేదు. "ఇదే మన పల్లవి" అన్నాడు.

ఆ పల్లవి బస్సుల్లో, బడుల్లో, ఫోన్లలో మోగిపోయింది. అది తుపాకీ పేలే చప్పుడని తమ్ముడు చెప్పుకున్నాడు. ఆ పాట పాడిన మొదటి కచేరీకి అన్న వచ్చి, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వెళ్లాడు. అన్నయ్య ఏమీ అనుకోలేదులే అని తూటా తన మనసుకు తనే సర్దిచెప్పుకున్నాడు.

ఈమధ్య అతనికి పెద్ద అవార్డొకటి ప్రకటించారు. ఇంటివాళ్లను కూడా వేదిక మీదికి తీసుకురమ్మన్నారు. అన్నను పిలుద్దామని ఓ మధ్యాహ్నం షాపుకు వెళ్లాడు. అక్కడ కాలు పెట్టి రెండేళ్లు దాటింది.

బల్ల మీద కొత్తగా ఓ అట్టముక్క కనిపించింది. "పాత తాళంచెవి ఇవ్వండి. అరగంటలో కొత్తది ఇస్తాం" అని పెద్దక్షరాలతో రాసి ఉంది. కింద ధర.

"ఇదేంటన్నయ్యా?" అన్నాడు. అన్న నవ్వి, స్టూలు చూపించి, మళ్లీ పనిలో పడ్డాడు.

ఇంతలో పార్సిళ్లు పంచే అతను తాళంచెవి కోసం వచ్చాడు. తూటాను చూసి నోరెళ్లబెట్టాడు. "అమ్మో, మీరు తూటా కదూ! మా పిల్లలు నమ్మరు సార్. ఒక్కసారి ఆ ముక్క అనండి, ఒక్కసారి!" అంటూ ఫోను ఎత్తాడు.

తూటాది అలవాటు పడ్డ నోరు. ఫోను కనపడగానే చిరునవ్వు, దాని వెనకే "త త త తలుపు తియ్!"

అనేశాక తెలిసింది, ఎక్కడున్నాడో.

ఆకురాయి ఆగింది. క్షణం తర్వాత మళ్లీ కదిలింది. పార్సిళ్లతను ఫోను చూసి మురిసిపోతూ, "ఈ పెద్దాయనా అచ్చం ఇలాగే మాట్లాడేవాడు సార్. వీధిలో అందరం ఈయన్నే తూటా అంటాం" అని పకపకా నవ్వాడు.

ఈయన మా అన్నయ్య అని చెప్పాలి. ఊపిరి తీసుకోకుండా పేజీలకు పేజీలు అప్పజెప్పే నోటికి ఆ మూడు మాటలు దొరకలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. పార్సిళ్లతను తాళంచెవి తీసుకుని వెళ్లిపోయాడు.

గుమ్మంలో అన్నం డబ్బాతో వదిన నిలబడి ఉంది. అంతా వింది.

"చెప్పలేకపోయావు కదూ?" అంది. "రెండేళ్లయింది మీ అన్న ఈ షాపులో నోరు విప్పి. మా పిల్ల బడిలో మాట్లాడాలన్నా నన్నే పంపుతాడు. ఆ రోజు చప్పట్లు కొట్టాడని సంబరపడ్డావు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదయ్యా ఆయన."

తూటాకు తల కొట్టేసినట్టయింది. "అవార్డు సభలో చెప్పేస్తానన్నయ్యా! అది నీ మాటే, నిన్ను వెక్కిరించి పేరు తెచ్చుకున్నానని చెప్తాను. అందరి ముందూ నీ కాళ్లు పట్టుకుంటాను."

అన్న ఆకురాయి పక్కన పెట్టాడు. అది లేకుండా మాట్లాడదలిచాడు.

"వ... వ..."

చిన్నప్పటి నుంచీ అన్న మాటను తనే పూర్తి చేసేవాడు తమ్ముడు. ఈసారీ పెదవులు కదిలాయి. అన్న చెయ్యెత్తి ఆపాడు.

"వద్దురా. ఇప్పుడు వీ... వీధే నవ్వుతోంది. నువ్వు చె... చెప్తే ఊరంతా నన్ను చూడ్డానికొస్తుంది. నీ బ... బరువు దిగుతుంది. మరి నాది?"



సభకు తూటా ఒంటరిగా వెళ్లాడు. పల్లవి అందుకోమంటే, "ఆ పాట ఇక పాడను" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. హాలు ఊరుకుంటుందా? తనే అందుకుంది. వేల గొంతులు నవ్వుతూ నత్తి కొట్టాయి. రికార్డింగు గదిలో అన్నను అనుకరించి నవ్వించిన తన గొంతే అన్నిట్లోనూ వినబడింది. మైకు పక్కన పెట్టి, తల వంచుకుని దిగిపోయాడు.

మర్నాడు పత్రికలు దుమ్మెత్తిపోశాయి. కళ్లు నెత్తికెక్కాయన్నారు, చప్పట్లు కొట్టిన జనాన్నే అవమానించాడన్నారు. అతను సంజాయిషీ ఇవ్వలేదు. ఇస్తే నిజం చెప్పాలి, చెప్తే అన్న పేరు బయటికొస్తుంది.

సాయంత్రం ఫోను మోగింది. వదిన నెంబరే. ఎత్తితే అవతల ఎవరూ పలకలేదు. ఫోనంటే అన్నకు హడలు. అయినా ఆయనే. తూటా ఒక్క మాటా అందించకుండా కాచుకున్నాడు.

"పే... పేపరు చూశాన్రా" అన్నాడు అన్న ఎంతోసేపటికి. "చా... చాలా తిట్టారు. బా... బాధగా ఉందా?"

పత్రికలు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది. తూటా ఫోను చెవికి ఆనించుకునే, రెండో చేత్తో మొహం కప్పుకున్నాడు.