మనం అంటే ఎవరెవరు

“ఈ సెలవులకి మనం తెలుగు స్నేహితులందర్నీ పిలుద్దాం,” అన్నాడు మొగుడు, సోఫాలో కాళ్ళు బారజాపుకుని, ఫోనులోంచి తలెత్తకుండా.

ఆమె కింద కూర్చుని ఉతికిన మేజోళ్ళకి జతలు వెతుకుతోంది. ఇంట్లో ఉన్నది ముగ్గురే అయినా ప్రతి ఆదివారం రెండు మేజోళ్ళు జత లేకుండా మిగిలిపోతాయి. వాటిని పక్కన పెట్టి మొగుడి వంక చూసింది. పన్నెండేళ్ళ కాపురంలో అతని వ్యాకరణం ఆమెకి కంఠతా వచ్చేసింది. పిలుద్దాం అంటే పిలిచేశానని అర్థం.

“ఎంతమందిని పిలిచారు?”

“పెద్దవాళ్ళు పద్దెనిమిది. పిల్లలు కాక. శనివారం పొద్దున వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్తారు. ఎంతసేపు, మనం నాలుగు రకాలు చేసి పడేద్దాం. నీకెలాగూ సెలవులేగా.”

ఈ ‘మనం’ అనే మాట పెళ్ళైన కొత్తలో ఆమెకి ఎంత ముద్దో. పుట్టింట్లో నాన్న “నీళ్ళు” అంటే గ్లాసు రావాలి, “చొక్కా” అంటే ఇస్త్రీ అయి రావాలి. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లకి “మనం బట్టలు ఆరేద్దామా” అనే మొగుడు దొరికితే పొంగిపోదూ? పొంగిపోయింది. తీరా చూస్తే ఆరేసింది తనొక్కతే. మనం పరదాలు ఉతకాలి, మనం మా అమ్మకి రోజూ ఫోను చెయ్యాలి, మనం పిల్లకి తెలుగు నేర్పాలి, మనం ఆ బాత్రూం సంగతేదో చూడాలి. అన్నిటికీ మనమే, చేతులు మాత్రం రెండే. ఇది అర్థం కావడానికి ఆమెకి ఆర్నెల్లు పట్టింది. అర్థమైందని పైకి చెప్పడానికి పదకొండున్నరేళ్ళు చాలలేదు.

పని దగ్గర మనం అనే మనిషి పేరు దగ్గరకొచ్చేసరికి నేను అంటాడు. “నేను ధైర్యం చేసి ఫ్యామిలీని తీసుకుని ఈ దేశం వచ్చేశాను,” అని ఎవరింటికెళ్ళినా చెప్తాడు. ఆమె తన పళ్ళెంలోకి చూసుకుంటూ కూర్చుంటుంది. నిజానికి ఇక్కడి బడికి లెక్కల టీచరు కావలసి వచ్చి ఆమెని పిలిచారు. కాగితాలు ఆమె పేరు మీద వచ్చాయి. అతని కాగితం మీద ‘భార్యపై ఆధారపడిన వ్యక్తి’ అని అచ్చు వేసి ఉంది. ఆ కాగితాన్ని అతను బీరువాలో అన్నిటికన్నా అడుగున దాచాడు. ఇక్కడ అతనికి ఉద్యోగం దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ కూడా వంట ‘మనమే’ చేసుకున్నాం, అంటే ఆమే చేసింది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా.

మర్నాడు సోమవారం. సెలవులకి ముందు చివరి వారం. బడి వరండాలో హెడ్మాస్టరు ఎదురొచ్చి ఆగాడు. మెత్తటి మనిషి, గొంతు పెంచడు. మెత్తగా అడిగేవాళ్ళకి కాదని చెప్పడం ఎంత కష్టమో ఆమెని అడగాలి.

“సెలవుల్లో వచ్చే శనివారం, ఆదివారం కొంతమంది పిల్లల కోసం బడి తెరిచి ఉంచుతున్నాం. తల్లీతండ్రీ ఇద్దరూ పనికెళ్ళేవాళ్ళ పిల్లలు. ఎప్పట్లాగే మీరు వస్తారుగా? మీకిది పండగ కాదు కదా.”

మూడేళ్ళుగా ఆమే వస్తోంది. మిగతా టీచర్లు తమ పండగ చేసుకుంటుంటే పన్నెండుమంది పిల్లలతో ఖాళీ బడిలో బొమ్మలు కత్తిరిస్తూ కూర్చుంది. పోనీ తన పండగనాడు సెలవు ఇచ్చారా అంటే అదీ లేదు. ఆ రోజు ఇక్కడ అందరికీ మామూలు మంగళవారమో బుధవారమో. పొద్దున్నే తలంటుకుని, తడిజుట్టుతోనే ఏడు పీరియడ్లు భిన్నాలు చెప్పి, ఇంటికొచ్చి, “ఏంటి, మనం ఏమీ స్పెషల్ చెయ్యలేదా?” అన్న మాట విని మళ్ళీ పొయ్యి ముట్టించింది. వాళ్ళ పండగ తనది కాదు, తన పండగ సెలవు కాదు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు.

వచ్చిన కొత్తలో ఈ వరండాలోనే పిల్లలు ఆమె ‘ఎనిమిది’ని పలికే తీరు చూసి కిసుక్కుమనేవాళ్ళు. ఆ అంకెని వాళ్ళ భాషలో సరిగ్గా పలకడం కోసం నెల్లాళ్ళు స్నానాలగదిలో కుళాయి తిప్పి సాధన చేసింది. ఎవరేం అడిగినా సరేనంటే తనని ఉండనిస్తారన్న భయం ఆ రోజుల్లో పట్టుకుంది. ఇంకా వదల్లేదని హెడ్మాస్టరు నవ్వుమొహం చూస్తుంటే తెలిసింది. తెలిశాక ఒళ్ళు మండింది.

“పండగ కాదు సార్. కానీ సెలవే,” అంది. “అందరికీ ఇచ్చిన సెలవే నాకూ ఇచ్చారు. నేను ఊళ్ళో ఉండను.”

ఆయన రెండుసార్లు కళ్ళార్పి, “అయ్యో, అలాగా. సరే, నేను వస్తాన్లెండి,” అని వెళ్ళిపోయాడు. ఇంతేనా? మూడేళ్ళ భయానికి ఇంత చిన్న జవాబా? ఊళ్ళో ఉండను అన్న మాట తన నోటికి ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఆమెకి తెలియదు. వెళ్ళడానికి చోటేదీ లేదు.

స్టాఫ్‌రూములో సంగీతం టీచరు టీ కలుపుతోంది. ఆవిడ తిక్కమనిషి, చెవులు పాము చెవులు. “విన్నాలే,” అంది. “అన్న మాట అబద్ధం చెయ్యకు. సముద్రం ఒడ్డున మా అమ్మ ఇల్లు ఖాళీగా ఉంది. శనివారం పొద్దున ఎనిమిదింటి రైలుకి వెళ్తున్నాను. నువ్వూ నీ కూతురూ రండి. అయిదు రోజులు. అక్కడ ఎవరికీ ఏమీ వండి పెట్టను, ముందే చెప్తున్నా.”

“ఇంట్లో అడిగి చెప్తాను.”

“ఏమని అడుగుతావు?” అంది ఆవిడ. వెటకారానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. ఆమె జవాబు చెప్పబోయి, గంట కొడితే క్లాసుకి వెళ్ళిపోయింది.

మంగళవారం సాయంత్రం పిడుగు ఫోనులో నానమ్మతో మాట్లాడుతోంది. పిడుగంటే వాళ్ళ కూతురు, తొమ్మిదేళ్ళు. నోటికి భయపడి తండ్రే ఆ పేరు పెట్టాడు.

“నానమ్మా, నిన్న మనం సైకిలు తొక్కాం.”

“ఈ మోకాళ్ళతో నేనెక్కడ తొక్కానే?” అని అటునుంచి అత్తగారు పడీపడీ నవ్వింది. ఇక్కడి భాషలో మనం, మేము రెండింటికీ ఒకటే మాట. అందుకే పిల్లకి ఈ తేడా కొరుకుడు పడదు. బడి నుంచి వచ్చి “అమ్మా, ఇవాళ మనం బడిలో బొమ్మలేశాం” అంటుంది. మనం తెలుగు నేర్పాలి కదా, అందుకని ఫోను పెట్టేశాక ఆమె పిల్లని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, పాత ప్రశ్నపత్రం వెనక పెద్ద సున్నా చుట్టింది.

“నువ్వు చెప్పే పని చేసినవాళ్ళందరూ సున్నా లోపల. నీ మాట వింటున్నవాళ్ళు కూడా లోపలుంటే మనం. వాళ్ళు బయటుంటే మేము. సైకిలు తొక్కింది నువ్వూ నేనూ. నానమ్మ తొక్కిందా?”

“లేదు. అయితే మేము తొక్కాం.” పిడుగు సున్నా బయట ఒక ముసలమ్మ బొమ్మ వేసింది. తర్వాత పెన్సిలు చివర కొరుకుతూ ఆలోచించింది. “మరి నాన్న మనం వండుదాం అన్నాడు కదా. నాన్న వండడుగా. నాన్నని ఎక్కడ వెయ్యాలి?”

పిడుగే సున్నా బయట ఒక సోఫా వేసి, దాని మీద తండ్రిని పడుకోబెట్టింది. లోపల గరిటె పట్టుకున్న తల్లిని వేసింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది తప్పు కదమ్మా. లోపల నువ్వొక్కదానివే ఉన్నావు. ఒక్కళ్ళే ఉంటే మనం అనకూడదు. నువ్వు అనాలి.”

పదిహేనేళ్ళుగా పిల్లల లెక్కల్లో తప్పులు దిద్దుతున్న మనిషి. ఎంత చిక్కులెక్కలోనైనా ఎక్కడ పట్టు తప్పిందో ఇట్టే చూపిస్తుంది. తన ఇంట్లో ఈ తప్పు ఇన్నేళ్ళుగా నడుస్తుంటే దిద్దలేదు. కోపం ముందు మొగుడి మీద వచ్చింది. అది సగమే. మిగతా సగం తన మీదే వచ్చింది. ఆ కాగితాన్ని అయస్కాంతం బిళ్ళతో ఫ్రిజ్ తలుపుకి అంటించి, సంగీతం టీచరుకి ఫోను చేసి, “మేమిద్దరం వస్తున్నాం,” అని చెప్పింది.

ఆ రాత్రి భోజనాల దగ్గరే మొగుడికీ చెప్పింది.

“శనివారమా? వాళ్ళొచ్చేదీ శనివారమే కదా,” అన్నాడతను.

“అందుకే ఇవాళే చెప్తున్నాను. నాలుగు రోజులు టైముంది. వద్దని చెప్పండి, లేదా వండండి.”

“జోకా?”

“కాదు.”

“పద్దెనిమిదిమందిని పిలిచి, ఇంటావిడ ఊరెళ్ళిందంటే మన పరువేం కావాలి?”

“మన పరువులో నా వాటా కూడా మీరే ఉంచుకోండి,” అంది. అతను నవ్వేశాడు. టీచరమ్మకి కోపమొచ్చింది, రెండు రోజుల్లో అదే దిగుతుందనుకున్నాడు. అందుకే ఎవరికీ రావద్దని చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత దిగింది కోపం కాదు, అటక మీది పెట్టె. అది చూశాక అతను వాళ్ళమ్మకి ఫోను కలిపి ఆమె చేతికిచ్చాడు.

“ఏంటమ్మాయ్ ఇది. ఇంటికి నలుగురొస్తుంటే ఇల్లాలు షికారు పోతుందా? ఏడాదిలో సగం సెలవులుండే ఉద్యోగం నీది. వాడికి పాపం ఆ భాగ్యం కూడా లేదు.”

“ఎవరైనా అడిగితే కోడలు సెలవులో ఉందని చెప్పండి అత్తయ్యా.”

అత్తగారు ఒక్కసారిగా గొంతు తగ్గించి, “సముద్రం ఇంట్లోంచే కనిపిస్తుందా?” అంది.

“కనిపిస్తుందట.”

“మనం ఎప్పుడైనా చూసొద్దాం అనేవారు మీ మామగారు. అంటూనే పోయారు.” “వాడికి ఇవ్వు ఫోను.” ఆవిడ కొడుకుతో ఏం చెప్పిందో ఆమెకి వినపడలేదు. అతను మాత్రం అమ్మా, అమ్మా అంటూనే ఫోను పెట్టేశాడు.

శనివారం పొద్దున ఏడింటికి ఆమె పెట్టె తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. మొగుడు వంటింట్లో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో విప్పని పప్పు పొట్లం, ఇంకో చేతిలో ఫోను. ఎదురుగా ఫ్రిజ్ మీద, సున్నా బయట సోఫాలో అతని బొమ్మ. అది అతను చూశాడో లేదో.

“దీన్ని కడగాలా, నానబెట్టాలా?” అన్నాడు.

“రెండూ. కడిగి నానబెట్టండి.” అతని గొంతులో ఎంత దీనత్వం ఉందంటే, ఆమె చెయ్యి పెట్టె పిడిని ఒక్క క్షణం వదిలింది. ఇంకో పది నిమిషాలుంటే పొయ్యి మీద ఎసరు పెట్టేస్తుంది, ఆ తర్వాత కూరలు తరుగుతుంది, ఎనిమిదింటి రైలు ఎనిమిదింటికే వెళ్ళిపోతుంది. అదంతా కళ్ళకి కట్టినట్టు కనిపించింది. మళ్ళీ పిడి పట్టుకుంది.

“ఇంకో మూడు గంటల్లో వచ్చేస్తారు. ఇప్పుడు మనం ఏం చెయ్యాలి?” అన్నాడతను.

గడప దగ్గర బూట్ల లేసులు కట్టుకుంటున్న పిడుగు తలెత్తింది.

“మనం కాదు నాన్నా. మేము వెళ్తున్నాం. నువ్వు వండుతున్నావు.”

ఎన్నిసార్లు దిద్దినా మేము అనాల్సిన చోట మనం అనే పిల్ల, ఎవరూ అందించకుండా ఆ మాటని దాని చోట పెట్టడం అదే మొదలు. సరిగ్గా చెప్పిన పిల్లని మెచ్చుకోకుండా వదిలే టీచరు కాదామె.

“కరెక్ట్,” అని పెట్టెని గడప దాటించింది.