కాఫీ కూజాలో పొంగిన పాలు

మొదట్లోనే ఇవ్వనని అనేసి ఉంటే పీడా పోయేది. కానీ డాక్టరుగారి భార్య సరోజగారు అడిగిన తీరు అలాంటిది.

"ఒక్క పూటకి ఆ వెండి సెట్టు ఇవ్వవయ్యా వీరాంజనేయులూ. గృహప్రవేశానికి డాక్టరుగారి హాస్పిటల్ వాళ్ళు వస్తున్నారు. అమెరికన్లకి స్టీలు గ్లాసుల్లో టీ ఇస్తే ఏం బావుంటుంది చెప్పు?"

డాక్టర్ వాసుదేవరావుదీ వీరాంజనేయులుదీ గుంటూరు దగ్గర ఒకటే ఊరు. ఆ సంగతి డాక్టరుకి పని పడినప్పుడే గుర్తొస్తుంది. సోఫాలు మోయాలన్నా, ఫ్యాను బిగించాలన్నా, కాపెల్ ఊళ్ళో గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర నిలబడే వీరాంజనేయులుకే ఫోను. పనయ్యాక కిచెన్ గట్టు మీద కాఫీ పెట్టి "తాగి వెళ్ళు" అనేవారు. అమెరికా వచ్చాక తెలుగువాళ్ళ ఇళ్ళలో అతను తాగిన కాఫీ అంతా నిలబడి తాగిందే.

కూర్చోమని కుర్చీ లాగింది పక్కింటి ముసలామె మిసెస్ విట్‌కోంబ్ ఒక్కతే. శనివారాలు ఆవిడ లాన్ కోసిపెడితే, వరండాలో కూర్చోబెట్టి వెండి కూజాలోంచి కాఫీ పోసేది. పాత గ్రీకు జాడీల మోజు యూరప్‌ని ఊపేసిన రోజుల్లో చేసిన సెట్టట అది. నియోక్లాసికల్ అంటారని ఆవిడే నేర్పింది. పొడుగాటి కాఫీ కూజా, పొట్టి టీ కూజా, చక్కెర గిన్నె, పాల జగ్గు. అంచుల చుట్టూ పూసల వరస, కడుపు మీద తోరణాలు, నల్ల చెక్క పిడి, కింద సన్నటి కాడ, దానికో చదరపు పీట. కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ సెట్టంతా అతని చేతుల్లో పెట్టి, బీరువాలో దాచకుండా వాడుకోమని చెప్పింది.

ఆ మాట మీదే ఇచ్చాడు. పాపం పోనీలే అనుకుని.

ఫ్రిస్కోలో కొత్తింటికి వీరాంజనేయులు చేరేసరికి పూజ అయిపోయింది. గుమ్మం ముందు చెప్పుల గుట్ట. హాల్లో సోఫాల మీద అమెరికన్లు, మధ్యలో తన సెట్టు. పట్టుచీర కట్టిన సరోజగారు ఇంగ్లీషులో దంచేస్తోంది: ఇది మా మామగారి తాతగారిది, జమీందారీ రోజుల నుంచీ మా ఇంట్లోనే ఉంది, ఇండియా నుంచి మేమే తెచ్చుకున్నాం.

వీరాంజనేయులు చెవులు కాలిపోయాయి. పైగా ట్రేలో కాఫీ కూజా లేదు.

సాయానికని పొద్దున్నే వచ్చిన భార్య సుధ కిచెన్‌లోంచి చెయ్యూపింది. "ఏవండీ, ఇటు రండి. అరవకండి, నా మీద ఒట్టు. నేను పైన పీటలు సర్దుతుంటే చేసేశారు."

స్టవ్ మీద కూజా పక్కకి ఒరిగిపోయి ఉంది. కాడ దగ్గర అతుకు కరిగి పీట ఊడిపోయింది. పిడి బొగ్గయింది. పూసల అంచు మీద మాడిన పాల మీగడ.

"చూశావా, ఎంత బ్రహ్మాండంగా పొంగాయో!" వెనక నుంచి వాసుదేవరావు వచ్చాడు. "వెండి పాత్రలో పొంగిస్తే మంచిదన్నారు పంతులుగారు. మాది లాకర్లో ఉండిపోయింది. దీని మూతి సన్నం కదా, ఇట్టే పొంగి తూర్పుకే పడ్డాయి."

"ఇది పొయ్యి మీద పెట్టేది కాదు సార్. కాచిన కాఫీ ఇందులో పోసుకుంటారు."

"వెండేగా! నిప్పుకి వెండి చెడుతుందా? ఎంతో చెప్పు, చెక్కు రాసేస్తా."

"చెక్కు వద్దు. తప్పయిందని ఒక్క మాట అనండి చాలు."

డాక్టరు నవ్వాడు. "శుభమా అని ఇంట్లో అడుగుపెట్టిన రోజు నాచేత తప్పనిపిస్తావా? అదీ ఒక సెకండ్ హ్యాండ్ గిన్నె కోసం?"

జమీందారుగారి వెండి గుమ్మం దాటి కిచెన్‌లోకి వచ్చేసరికి సెకండ్ హ్యాండ్ గిన్నె అయిపోయింది! వీరాంజనేయులు వెనక్కి తిరిగాడు. హాల్లోకి నడిచి ట్రే ఎత్తాడు.

సరోజగారి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే అతిథుల వైపు తిరిగి నవ్వింది. "క్యాటరింగ్ అతను. కడిగి తెస్తాడు."

అలాగే నడిచిపోతే సెట్టు ఇంటికి చేరేది. ఎవరూ అడిగేవారు కాదు. కానీ కడిగేవాడు పనివాడు, కడిగించుకునేవాళ్ళే సొంతదారులు అనే ఈ లెక్క ఎన్నాళ్ళు? ట్రే మళ్ళీ బల్ల మీద పెట్టాడు. డైనింగ్ టేబుల్ దగ్గర నుంచి కుర్చీ లాక్కొచ్చి అమెరికన్ల మధ్య వేసుకుని కూర్చున్నాడు. కప్పులో టీ పోసుకున్నాడు.

"ఐ యామ్ నాట్ క్యాటరింగ్," అన్నాడు. వచ్చిన ఇంగ్లీషంతా అదే, అదే చాలనిపించింది. "ఐ యామ్ గెస్ట్. దిస్ సెట్, మైన్. మిసెస్ విట్‌కోంబ్ గేవ్ మీ. కాఫీ పాట్ ఈజ్ ఇన్ కిచెన్. దే బాయిల్డ్ మిల్క్ ఇన్ ఇట్. ఆన్ ది స్టవ్."

సోఫాలో తెల్లగడ్డం సర్జన్ కప్పు కింద పెట్టేశాడు. "ఆన్ ది స్టవ్?" అంది అతని భార్య, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

గుమ్మంలో నిలబడ్డ వాసుదేవరావు నోట అప్పుడొచ్చింది "సారీ". రెండుసార్లు వచ్చింది. రెండూ ఆ తెల్లగడ్డం వైపే చూసి. వీరాంజనేయులు మీదకి చూపు మళ్ళించనైనా లేదు.

వీరాంజనేయులు టీ తొందరపడకుండా తాగాడు. చక్కెర వేసుకోవడం మర్చిపోయాడు. చివరి గుక్క దాకా కుర్చీలోంచి కదల్లేదు. తర్వాత ఒక్కొక్కటీ ఎత్తి అట్టపెట్టెలో సర్దుకున్నాడు. వడ్డన మొదలవుతుండగా ఇద్దరూ బయటికొచ్చేశారు.

కార్లో సుధ ఒళ్ళో తువ్వాలు చుట్టిన కూజా. కారంతా మాడు వాసన.

"రేపో ఎల్లుండో మళ్ళీ ఫోను వస్తుందండీ," అంది సుధ. "సామాను పైకెక్కించాలంటారు. ఏం చెప్పమంటారు?"

"వస్తామని చెప్పు," అన్నాడు వీరాంజనేయులు స్టీరింగ్ బిగించి పట్టుకుని. "వచ్చి కూర్చుంటామని చెప్పు."