రోడ్డువైపు వరుస

కడప జిల్లాలో ఊరికే వచ్చేది ఎండ ఒక్కటే. ఆ సంగతి మరిచిపోయి దిల్షాద్‌బీ తెగ సంబరపడింది. ప్రొద్దుటూరు దాటాక, జమ్మలమడుగు రోడ్డు పక్కన పార్టీ నాయకుడు కొండారెడ్డి లేఅవుటు వేశాడు. పెద్ద ఇళ్లతో పాటు కొన్ని చిన్న ఇళ్లు కట్టి పేదలకు చవకగా ఇస్తేనే అనుమతి అన్నారు ఆఫీసువాళ్లు. సరేనని సంతకం పెట్టాడు. ఆ చిన్న ఇళ్లలో ఒకటి ఆమెకు దక్కింది. అద్దెగది ఖాళీ చేసి అందులో చేరింది. కూతురు ఖమర్‌బీకి తొలికాన్పు సొంతింట్లో చేస్తానని వీధంతా చెప్పుకుంది పిచ్చితల్లి.

ఎలక్షన్లు వచ్చాయి. ఎదుటి పార్టీవాళ్లు రోడ్డు మీంచి కొండారెడ్డి మేడ మీదికి విసిరిన నాటుబాంబు పక్కింటి గుల్జార్‌బీ వసారాలో పేలింది. నయం, ఆ పూట ఇంట్లో ఎవరూ లేరు.

పెంకులు ఎత్తిపోస్తూ ఇరుగింటి కాటమయ్య అన్నాడు. గొర్రెలు కాసి కాసి తల నెరిసినవాడు.

“చిన్నిండ్లన్నీ రోడ్డువైపే ఎందుకు కట్టినాడో ఇప్పుడు తెలిసిందమ్మా. మంద చుట్టూ ముండ్లకంప ఏస్తాం గదా. ఎనకాల రెడ్డి మేడ. కంప మనమే.”

దిల్షాద్‌బీ చేతిలోని పెంకులు అక్కడే పడేసింది. ఖమర్‌బీకి నెలలు నిండుతున్నాయి. పరుగున కొండారెడ్డి దగ్గరికి పోయింది.

“ఇల్లు అమ్ముకుంటానప్పా. అద్దెకన్నా ఇస్తా.”

“నాదేముందక్కా?” కొండారెడ్డి నవ్వాడు. “పేదోళ్ల ఇండ్లు ఉన్నోళ్లు కొనేయకుండా గవర్నమెంటు పెట్టిన రూలు. అమ్మకూడదు, అద్దెకియ్యకూడదు. ఇంట్లో మనిషి లేక తాళం పడితే ఎనక్కి తీసుకుంటారు. మీ మంచికే.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నుయ్యికి మంచిపేరు కూడానూ!

ఫోను బూతుకు పోయి పులివెందులలో అత్తగారింట్లో ఉన్న కూతురికి చేసింది. బూతువాడు కొండారెడ్డి మనిషి. చెవులు ఇటే పెట్టి కూర్చున్నాడు.

“కాన్పుకు ఈడికి రావొద్దు బిడ్డా. అత్తగారింట్లోనే ఉండు.”

“ఏందమ్మా? తొలికాన్పు అత్తింట్లోనా? నలుగురూ ఏమంటారు?”

బాంబు సంగతి చెప్పబోయింది. బూతువాడు తలెత్తి చూశాడు.

“కొత్త ఇల్లు. సున్నం గోడలు పాడైతాయి,” అంది దిల్షాద్‌బీ.



“ఇల్లొచ్చినాక నేను బరువైతి గదమ్మా,” అని ఖమర్‌బీ ఫోను పెట్టేసింది.

దిల్షాద్‌బీ ఇంటికి తిరిగి వచ్చింది. ఇంట్లో మనిషి ఉన్నట్టు అందరికీ కనబడాలి కదా. రోడ్డువైపు తలుపు బార్లా తెరిచి, గడప పక్కనే కూర్చుంది.