దర్జీ తెచ్చుకున్న గ్లాసు

మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల రోజున అందరం ఒకే పాత్రలోంచి ద్రాక్షరసం తాగుతాం. ముఖం నిండా తెల్ల మచ్చలున్న దర్జీ ఎప్పుడూ వరుసలో చివర నిలబడేవాడు. పాత్ర కడిగే పని నాది. అతను తాగాడని దాన్ని నేను రెండోసారి తోమడం, పోయిన నెల అతను గుమ్మంలోంచి చూశాడు. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. నన్ను వదిలి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. నావల్ల వెళ్లినవాళ్లు లేరనుకునేదాన్ని.

ఈసారి అతను సంచిలోంచి సొంత గ్లాసు తీశాడు.

"అదెందుకు నాయనా?" అన్నాను.

"మీకు తోమే శ్రమ తప్పుతుందని, అమ్మమ్మా. వచ్చే నెల నుంచి అసలు రానులెండి."

"అది లోపల పెట్టి, వచ్చి వరుసలో నా ముందు నిలబడు."

"నా మచ్చలు మీకు అంటుకుంటేనో?"

"అంటితే మాత్రం, నన్నిప్పుడు పెళ్లిచూపులకి ఎవరొస్తున్నారు? అవి అంటవని పుస్తకంలో చదివాను. చదివి కూడా తోమాను. దేవుడు చూడని చర్మాన్ని నేను చూశాను నాయనా."

అతను నవ్వలేదు గానీ నా ముందుకొచ్చి తాగాడు. పాస్టరుగారు అలవాటు ప్రకారం అంచు తుడవబోతుంటే, తుడవకముందే పాత్ర అందుకుని అతని పెదవులు తగిలిన చోటే తాగాను.

బయట మెట్ల మీద అడిగాను, "వచ్చే నెల వస్తావుగా?"

"చూద్దాం, అమ్మమ్మా."

అతను వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.