కుట్టుకు నోచుకోని ముక్క

నేను ఒక జాకెట్టు ముక్కను. రంగు చిలకపచ్చ. పట్టును కాను, పట్టులా కనబడాలని ముచ్చటపడ్డ మిల్లు బట్టను. అంచున జరీ అని చెప్పుకునే మెరుపొకటి ఉంది, దాన్ని గట్టిగా రుద్దకుండా ఉంటే పరువు దక్కుతుంది.

నన్ను ఎవరూ కుట్టించుకోరని నేసినవాళ్ళకు ముందే తెలుసు. అందుకే చేతులకు చాలకుండా కత్తిరించారు. మా జాతి పుట్టింది ఒంటిమీదికి కాదు, పళ్ళెంలోకి. తమలపాకులూ అరటిపళ్ళూ నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరగడమే మా ఉద్యోగం. పుచ్చుకున్నావిడ నన్ను కళ్ళకద్దుకుంటుంది, ఇంటికెళ్ళి మడత విప్పకుండా బీరువా అడుగున పడేస్తుంది. రేపు ఇంకెవరికో పెట్టాలి కదా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఊరి ముక్కతో ఊరందరికీ మర్యాదలు జరిగిపోతాయి. ఇచ్చినవాళ్ళకే తిరిగి పెట్టకుండా చూసుకుంటే చాలు. కాకినాడలో ఒకసారి అదీ తప్పింది. నన్ను దుకాణంలో కొన్న ఇల్లాలికే నేను తిరిగి వెళ్ళాను. ఆవిడ నన్ను నిమిరి, "ఎంత బావుందండీ, ఎక్కడ తీసుకున్నారు?" అని అడిగింది. నాకు నోరు లేకపోవడం ఆవిడ అదృష్టం.

అలా తిరిగి తిరిగి అరుంధతి ఇంట్లో పడ్డాను. ఆ బీరువా తలుపు సరిగా పడదు. అందువల్ల హాల్లో జరిగే సంగతులన్నీ నాకు తెలిసేవి.

చెల్లెలూ మరిదీ ఒకే ప్రమాదంలో పోయాక, వాళ్ళ పిల్ల ఇందుజను అరుంధతి తన దగ్గరికి తెచ్చుకుంది. ఎనిమిదేళ్ళ ఇందుకి ఆటిజం ఉంది. మాటలు లేవు, గట్టి చప్పుడు పడదు, ఎవరైనా ముట్టుకుంటే ముడుచుకుపోతుంది. పెద్దమ్మ చేతి నుంచి ఏదీ అందుకోదు. కంచం నేలమీద పెట్టి అరుంధతి పక్కకు జరిగితేనే వచ్చి తింటుంది.

"నా చేతిలోంచి ఒక్కసారి ఏదైనా తీసుకుంటే చాలు వదినా, ఈ పిల్ల నాదేనని నమ్మకం కుదురుతుంది," అని అరుంధతి తన ఆడపడుచు సుభద్రతో ఫోన్లో అనడం నేను విన్నాను. ఆ మాటకు నా మడతలు కూడా కలుక్కుమన్నాయి.

ఇంతలో ఇందు పుట్టినరోజు వచ్చింది. మన జనానికి ఇలాంటి పిల్ల కనబడితే చాలు, వైద్యం చేసెయ్యాలనిపిస్తుంది. పక్కింటివాళ్ళు తెలివి పెంచే చెక్కముక్కలు తెచ్చారు. మేడమీదివాళ్ళు ఏకాగ్రత పెంచే డప్పు తెచ్చారు. దాని మోతకు పెద్దవాళ్ళ ఏకాగ్రతే చెదిరిపోయింది. సుభద్ర మాట్లాడే బొమ్మను తెచ్చి, "దీన్ని వింటూ ఉంటే పిల్లకి మాటలు అవే వస్తాయి," అంది. ఆవిడ మాటలు అన్ని విన్నా నాకు నోరు రాలేదు కాబట్టి, ఆ వైద్యం మీద నాకు గురి కుదరలేదు.

అరుంధతి కూడా తక్కువ తినలేదు. ఊరంతా గాలించి లక్కపిడతల సెట్టు కొనుక్కొచ్చింది. చిన్నప్పుడు దానికోసమే ఏడ్చి దెబ్బలు తిందట. పిల్లకి కొన్నాననుకుంది గానీ, కొన్నది తనకే.

డప్పు మోగింది. బొమ్మ పాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇందు చెవులు మూసుకుని భోజనాల బల్ల కిందికి దూరిపోయింది. అరుంధతి వంగి లక్కపిడతలు చాపితే, పిల్ల గోడవైపు తిరిగింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అంటూ సుభద్ర బయల్దేరింది. అరుంధతి కళ్ళు తుడుచుకుని బీరువా తీసింది. చేతికి నేనే దొరికాను. బొట్టు పెట్టి, పళ్ళతో సహా నన్ను ఆడపడుచు చేతుల్లో పెట్టింది. నా కొస ఒకటి కిందికి జారి వేలాడుతోంది. దాని చివర పోగులు లేచి ఉన్నాయి.

బల్ల కిందినుంచి ఒక చెయ్యి వచ్చి ఆ కొసను పట్టుకుంది.

సుభద్ర ఒకవైపు, ఇందు ఒకవైపు. నా బతుకులో నాకోసం ఇద్దరు గుంజుకోవడం అదే మొదటిసారి.

"విడిపించు అరుంధతీ. పెట్టిన ముక్క వెనక్కి తీసుకుంటే ఇంటికి మంచిది కాదు," అంది సుభద్ర.

"అది ఇందుకి పెడతాను వదినా. మీకు ఇంకోటి తెస్తాను."

"చిన్నపిల్లకి జాకెట్టు ముక్కేంటి? ఏం చేసుకుంటుంది?"

"మనం మాత్రం ఏం చేసుకున్నాం వదినా?"

సుభద్ర చేతులు నన్ను వదిలాయి. అరుంధతి నన్ను తీసుకుని నేలమీద కూర్చుంది, రెండు చేతుల మీదా పరిచి చాపింది. "ఇందూ, ఇది నీకమ్మా," అంది. ఇందు ఆ చేతుల్లోంచే నన్ను తీసుకుంది.

మర్నాటి నుంచి నా పని మొదలైంది. ఇందు కిటికీ దగ్గర కూర్చుని నా అంచునుంచి ఒక్కో పోగే లాగుతుంది. పోగు వస్తున్నప్పుడు సన్నగా సరసరమంటుంది, ఆ చప్పుడు పిల్లకి ఇష్టం. లాగిన పోగును నేలమీద తిన్నగా పరిచి, దాని పక్కన ఇంకోటి పరుస్తుంది. సుభద్ర ఫోన్ చేసి, "శుభ్రమైన బట్ట తగలేస్తోంది, మాన్పించు," అంది. ఇన్నేళ్ళు నన్ను మడత విప్పకుండా తగలేసిన లోకానికి ఇప్పుడు బట్ట మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఒక సాయంత్రం అరుంధతి వచ్చి పక్కన కూర్చుంది, మరీ దగ్గరగా కాదు. తనూ ఒక పోగు లాగింది. అడ్డదిడ్డంగా లాగడంతో నా ఒళ్ళు ముడతపడి, పోగు పుటుక్కున తెగింది. ఇందు పెద్దమ్మ మొహంకేసి చూడలేదు, వేలికేసి చూసింది. ఎవరినీ ముట్టుకోని ఆ పిల్ల అరుంధతి వేలు పట్టుకుంది. దాన్ని తీసుకొచ్చి సరైన పోగు మీద పెట్టింది.

అరుంధతి ఏడ్చింది, చప్పుడు చెయ్యకుండా. ఏడుస్తూనే లాగింది. ఈసారి పోగు తెగకుండా కొసదాకా వచ్చింది.

ఇప్పుడు ఇద్దరూ కలిసే లాగుతున్నారు. నేను సగమయ్యాను. తరిగిపోతే పోనివ్వండి.